508001508001: పన్నెండు అంకెల సంఖ్యను పెన్సిల్‌తో విప్పడం ఎట్లా?

నా దగ్గర సాయంత్రం పూట లెక్కలు నేర్చుకునే పదో తరగతి అబ్బాయి ఒకడు నోటుబుక్కు అట్ట మీద చిరునామా రాస్తూ, మాటల్లో పడి, నల్లగొండ పిన్ కోడ్‌ను వెంటవెంటనే రెండుసార్లు రాసేశాడు. 508001508001. కొట్టేయబోయి ఆగి, "సార్, దీనికి కారణాంకాలు తీయాలంటే ఎన్ని రోజులు పడుతుంది?" అని అడిగాడు. ఆ సాయంత్రమే కూర్చున్నాం. క్యాల్కులేటర్ ముట్టకుండా రెండు పేజీల్లో కారణాంకాలు వచ్చాయి. ఆ తర్వాత వారం రోజులు పిల్లలు ఆ సంఖ్యను వదల్లేదు. దానికి ఎన్ని కారణాంకాలు, వాటి మొత్తం ఎంత, దాన్ని రెండు వర్గాల మొత్తంగా రాయగలమా, 1ని దానితో భాగిస్తే దశాంశం ఎక్కడ తిరగబడుతుంది, ఇట్లా ఒకదాని వెంట ఒకటి అడుగుతూనే ఉన్నారు.

మేం చేసిన పనిని అదే వరుసలో ఇక్కడ రాస్తున్నాను. మీకు కావలసింది తెల్ల కాగితాలు, పెన్సిల్, 20 దాకా ఎక్కాలు, భాగహారం మీద కొంచెం ఓపిక. పదో తరగతి గణితం చాలు. ఒకటి రెండు చోట్ల అంతకంటే కొంచెం ముందుకు వెళ్తాం. అక్కడ నిదానంగా చెప్తాను.

మొదటి అడుగు: భాగించకండి, చూడండి

సంఖ్యను ముందు నోటితో చదవండి. 50,800 కోట్ల 15 లక్షల 8 వేల 1. పన్నెండు అంకెలు.

ఒక సంఖ్య ప్రధాన సంఖ్య కాకపోతే, దాని ప్రధాన కారణాంకాల్లో కనీసం ఒకటి ఆ సంఖ్య వర్గమూలాన్ని దాటదు. అందుకే వర్గమూలం దాకా ఉన్న ప్రధాన సంఖ్యలతో భాగించి చూస్తే చాలంటారు. మన సంఖ్య వర్గమూలం 712742 పైచిలుకు. అంత దాకా ఉన్న ప్రధాన సంఖ్యలు సుమారు 57 వేలు. రోజుకు రెండు వందల భాగహారాలు చేసినా తొమ్మిది నెలలు దాటుతుంది. పెద్ద సంఖ్య అనగానే పిల్లలకు వచ్చే టెన్షన్ ఇదే. కానీ దాదాపు ఎప్పుడూ అంత పని పడదు. సంఖ్యను కాసేపు చూస్తే అదే దారి చూపిస్తుంది.

చివరి అంకె 1. కాబట్టి 2, 5 భాగించవు. అంకెల మొత్తం 5+0+8+0+0+1 = 14, అదే రెండుసార్లు కాబట్టి 28. 28ని 3 భాగించదు, కాబట్టి సంఖ్యనూ భాగించదు. 9తో భాగిస్తే శేషం 1 (28 శేషమే దాని శేషం). చివరి మూడంకెలు 001 కాబట్టి 8తో భాగించినా శేషం 1.

ఇది పూర్ణ వర్గమేమో అని ఒక అమ్మాయికి అనుమానం వచ్చింది. అనుమానంలో న్యాయముంది. బేసి సంఖ్య వర్గాన్ని 8తో భాగిస్తే శేషం 1 రావాలి, వచ్చింది. 9తో భాగిస్తే పూర్ణ వర్గానికి 0, 1, 4, 7 మాత్రమే రావాలి, 1 వచ్చింది. 7తో చూస్తే శేషం 1, అదీ సరే. 11తో చూస్తే శేషం 9, అది 3 వర్గం, అదీ సరే. నాలుగు పరీక్షల్లోనూ పాసైంది. అయినా ఇది పూర్ణ వర్గం కాదు. ఈ పరీక్షలు కాదని చెప్పగలవు గానీ, ఔనని ఎప్పుడూ చెప్పలేవు. పోటీ పరీక్షలకు చదివేవాళ్లు ఇక్కడ తరచుగా తప్పు చేస్తారు, అందుకే ఇంతసేపు ఆగాను. అసలు కారణం కిందికి వెళ్లాక కనిపిస్తుంది.

రెండో అడుగు: మూడేసి అంకెల గుంపులు

7, 11, 13లకు వేర్వేరు సూత్రాలు బట్టీ పట్టనక్కర్లేదు. 7 × 11 × 13 = 1001. 1000 అంటే 1001కి ఒకటి తక్కువ. కాబట్టి ఈ మూడు సంఖ్యల దృష్టిలో 1000, −1తో సమానం. సంఖ్యను కుడివైపు నుంచి మూడేసి అంకెలుగా విడగొట్టి, ఒకటి కూడి, ఒకటి తీసేస్తూ వెళ్తే సరిపోతుంది.

508 | 001 | 508 | 001

1 − 508 + 1 − 508 = −1014

ఇక 1014ను చూడండి. 7తో భాగిస్తే 6 మిగులుతుంది. 11తో భాగిస్తే 2 మిగులుతుంది. 13 × 78 = 1014, ఏమీ మిగలదు. మనకు వచ్చింది −1014 కాబట్టి సంఖ్య శేషాలు 7 − 6 = 1, 11 − 2 = 9, పైన పూర్ణ వర్గం పరీక్షలో చెప్పినవి ఇవే. అంటే మన సంఖ్యను 13 భాగిస్తుంది. పన్నెండు అంకెల సంఖ్యకు మూడు ప్రధాన సంఖ్యలతో పరీక్ష ఒక్క గీతలో అయిపోయింది.

మూడో అడుగు: ఆకారం పట్టుకోవడం

అసలు కిటుకు ఇదే. ఆరంకెలు రెండుసార్లు వచ్చాయి. అంటే 508001ని పది లక్షలతో గుణించి మళ్లీ 508001 కలిపాం.

508001508001 = 508001 × 1000001

పన్నెండు అంకెల సమస్య ఆరు, ఏడు అంకెల రెండు సమస్యలుగా చీలిపోయింది. రెండోది, 1000001, ఇంకా సులభం. ఘనాల మొత్తం సూత్రం తొమ్మిదో తరగతిలోనే వస్తుంది. 1000001 అంటే 100 ఘనం కూడిక 1 ఘనం. కాబట్టి

1000001 = (100 + 1) × (10000 − 100 + 1) = 101 × 9901

నమ్మకం కోసం గుణించి చూసుకోండి. 9901 × 100 = 990100, దానికి 9901 కలిపితే 1000001. ఏ ఆరంకెల పిన్ కోడ్‌ను రెండుసార్లు రాసినా 101, 9901 రెండూ తప్పకుండా వస్తాయన్నమాట.

101 ప్రధాన సంఖ్య అని అందరికీ తెలుసు. మరి 9901? దాని వర్గమూలం 99.5 దగ్గర. 100 లోపు 25 ప్రధాన సంఖ్యలున్నాయి. వాటన్నిటితో భాగించవచ్చు, పావుగంట పని. కానీ ఐదు భాగహారాలతో తేలే దారి ఒకటుంది. అది నాకు చాలా ఇష్టం, ముందు ముందు దానితో పని కూడా ఉంది. అందుకే వివరంగా చెప్తాను.

9901ని భాగించే ప్రధాన సంఖ్య ఏదైనా ఉందనుకుందాం, దానికి 'ప' అని పేరు పెడదాం. 9901ని భాగిస్తే అది 1000001ని కూడా భాగిస్తుంది. అంటే 10⁶ను ప-తో భాగిస్తే శేషం −1తో సమానం. దాన్ని వర్గం చేస్తే 10¹² శేషం 1. ఇప్పుడు 10, 100, 1000 అని ఘాతాలు పెంచుకుంటూ పోతే శేషం మొదటిసారి 1 అయ్యే ఘాతాన్ని 'చుట్టు' అందాం. ఒక చుట్టు పూర్తయ్యాక శేషాలు మళ్లీ మొదటి నుంచి తిరుగుతాయి. 10¹² శేషం 1 కాబట్టి చుట్టు 12ను భాగించాలి. 10⁶ శేషం 1 కాదు కాబట్టి చుట్టు 6ను భాగించకూడదు. 12 కారణాంకాల్లో ఈ రెండు షరతులకూ నిలిచేవి 4, 12 మాత్రమే. చుట్టు 4 అయితే 10⁴ శేషం 1 అవుతుంది, అప్పుడు 10⁶ శేషమే 10² శేషం. అంటే 100 శేషం −1, ప 101ని భాగించాలి, కాబట్టి ప 101 కావాలి. కానీ 9901ని 101తో భాగిస్తే 3 మిగులుతుంది. కాబట్టి చుట్టు 12.

17వ శతాబ్దపు ఫ్రెంచి గణితవేత్త ఫెర్మా చెప్పిన సిద్ధాంతం ప్రకారం ప-కు ఉండే చుట్టు ఎప్పుడూ (ప − 1)ను భాగిస్తుంది. అంటే (ప − 1) 12 గుణిజం కావాలి. 100 లోపు అట్లాంటి ప్రధాన సంఖ్యలు 13, 37, 61, 73, 97. ఈ ఐదింటితో 9901ని భాగిస్తే వచ్చే శేషాలు వరుసగా 8, 22, 19, 46, 7. ఒక్కటీ భాగించలేదు. 9901 ప్రధాన సంఖ్య. మిగతా ఇరవై ప్రధాన సంఖ్యలను తాకకుండానే పక్కన పెట్టేశాం.

నాలుగో అడుగు: 508001

1001 పరీక్ష దీనికి మళ్లీ చేస్తే 1 − 508 = −507. 507 = 3 × 13 × 13. కాబట్టి 13 భాగిస్తుంది.

508001 ÷ 13 = 39077

దీన్ని మళ్లీ 13తో చూడాలి. చాలామంది ఈ పని మర్చిపోతారు. ఒకసారి భాగించిన ప్రధాన సంఖ్య రెండోసారి కూడా భాగించవచ్చు. ఇక్కడ శేషం 12, అంటే భాగించలేదు. 17తో శేషం 11. 19తో శేషం 13. 23 దగ్గర దొరికింది.

39077 ÷ 23 = 1699

1699 వర్గమూలం 41 దాటి 42 లోపు. కాబట్టి 41 దాకా చూస్తే చాలు. 23 కంటే చిన్నవాటిని మళ్లీ చూడనక్కర్లేదు, అవి ఇదివరకే ఓడిపోయాయి. 23, 29, 31, 37, 41లతో శేషాలు 20, 17, 25, 34, 18. కాబట్టి 1699 ప్రధాన సంఖ్య.

సరిచూసుకోవడం కూడా సులువే. 13 × 23 = 299. 299 × 1699 అంటే 300 × 1699లోంచి 1699 తీసేయడం. 509700 − 1699 = 508001. ఇంత చక్కగా కుదిరినందుకు పిల్లలు బల్లలు చరిచారు.

అన్నీ కలిపితే:

508001508001 = 13 × 23 × 101 × 1699 × 9901

ఐదు ప్రధాన సంఖ్యలు, ఒక్కొక్కటి ఒక్కసారే. పూర్ణ వర్గం కావాలంటే ప్రతి ప్రధాన కారణాంకం సరిసంఖ్యలో రావాలి. ఇక్కడ 13 ఒక్కసారే వచ్చింది. నాలుగు పరీక్షల్లో పాసైన సంఖ్య ఇక్కడ ఆగిపోయింది. 13 భాగించి 169 భాగించకపోతే ఆ సంఖ్య వర్గం కాదని చెప్పడానికి ఇంకే పరీక్షా అక్కర్లేదు.

ఐదో అడుగు: లెక్కించడం, కూడటం

ఒక్కో కారణాంకం తయారు చేయాలంటే ఐదు ప్రధాన సంఖ్యల్లో ఒక్కోదాన్ని తీసుకోవడమో వదిలేయడమో చేయాలి. రెండేసి దారులు, ఐదుసార్లు: 2 × 2 × 2 × 2 × 2 = 32. మొత్తం 32 కారణాంకాలు. చిన్నవి 1, 13, 23, 101, 299, 1313, 1699, 2323 అని మొదలవుతాయి.

ఈ 32 కారణాంకాల మొత్తం కావాలంటే అన్నిటినీ రాసి కూడనక్కర్లేదు. ప్రతి ప్రధాన కారణాంకానికి 1 కలిపి గుణించండి. 14 × 24 × 102 × 1700 × 9902. ఈ ఐదు బ్రాకెట్లను (1 + 13) × (1 + 23) × ... అని రాసి విప్పితే 32 కారణాంకాలూ తలా ఒకసారి వస్తాయి, అందుకే సూత్రం పనిచేస్తుంది. జవాబు 57,691 కోట్ల 42 లక్షల 84 వేల 800. ఇందులోంచి అసలు సంఖ్యను తీసేస్తే 6,891 కోట్ల 27 లక్షల 76 వేల 799 మిగులుతుంది. తనను తాను వదిలేసి మిగతా కారణాంకాలు కూడితే 6కు 6 వస్తుంది, 28కి 28 వస్తుంది. వాటిని పరిపూర్ణ సంఖ్యలంటారు. మన సంఖ్యకు వచ్చింది దానిలో ఏడో వంతు కూడా లేదు. ఇట్లా తక్కువ వచ్చేవాటిని న్యూన సంఖ్యలంటారు.

ఇంకో కొలత ఉంది, గణితవేత్త ఆయిలర్ పేరు మీద ఫై అంటారు. 1 నుంచి మన సంఖ్య దాకా ఉన్నవాటిలో దానితో 1 తప్ప ఉమ్మడి కారణాంకం లేనివి ఎన్ని? ఇక్కడ ప్రతి ప్రధాన కారణాంకం నుంచి 1 తీసి గుణిస్తాం. 12 × 22 × 100 × 1698 × 9900 = 44,378 కోట్ల 92 లక్షల 80 వేలు. అంటే వందలో 87 పైన. చిన్న ప్రధాన సంఖ్యలు 2, 3, 5, 7 దీనిలో లేకపోవడం వల్లే ఇంత ఎక్కువ వచ్చింది.

ఆరో అడుగు: రెండు వర్గాల మొత్తం అవుతుందా?

13 = 2² + 3². 101 = 10² + 1². 9901 = 99² + 10². మూడూ కుదిరాయి. 23ను ఇట్లా రాయడానికి ప్రయత్నించండి, కుదరదు. 4తో భాగిస్తే శేషం 1 వచ్చే ప్రధాన సంఖ్యలన్నీ రెండు వర్గాల మొత్తంగా వస్తాయి, శేషం 3 వచ్చేవి రావు. ఫెర్మా చెప్పిన ఈ మాటను తర్వాత ఆయిలర్ నిరూపించాడు.

పెద్ద సంఖ్యకు నియమం ఇది: 4తో శేషం 3 వచ్చే ప్రధాన కారణాంకాలు ఒక్కోటీ సరిసంఖ్యలో రావాలి. మన దాంట్లో 23, 1699 రెండూ శేషం 3వి, రెండూ ఒక్కోసారే వచ్చాయి. కాబట్టి 508001508001ని రెండు వర్గాల మొత్తంగా రాయలేం. సంఖ్యను 4తో భాగిస్తే శేషం 1 వచ్చింది కదా అని మోసపోకూడదు. 3 × 3 = 9, దాని శేషం 1. రెండు తప్పులు కలిసి పైకి ఒప్పులా కనిపిస్తున్నాయి.

ఆ రెండింటినీ పక్కన పెట్టి మిగతా మూడింటినే గుణిస్తే? 13 × 101 × 9901 = 13000013. దీన్ని రాయగలం, ఆ దారి చూపించింది మన బ్రహ్మగుప్తుడు. క్రీ.శ. 628లో రాసిన బ్రహ్మస్ఫుట సిద్ధాంతంలో ఆయన ఇచ్చిన సూత్రంతో రెండు వర్గాల మొత్తాలను గుణిస్తే మళ్లీ రెండు వర్గాల మొత్తమే వస్తుంది:

(అ² + ఆ²) × (ఇ² + ఈ²) = (అ×ఇ − ఆ×ఈ)² + (అ×ఈ + ఆ×ఇ)²

13 = 2² + 3², 1000001 = 1000² + 1². సూత్రంలో పెడితే మొదటిది 2000 − 3 = 1997, రెండోది 2 + 3000 = 3002. 1997² = 3988009, 3002² = 9012004. కూడితే 13000013. బోర్డు మీద ఇది తేలినప్పుడు దాదాపు పద్నాలుగు వందల ఏళ్ల కిందటి మనిషి మన ఊరి పిన్ కోడ్ లెక్కలో సాయం చేసినట్టు అనిపించింది నాకు.

ఏడో అడుగు: 1ని దానితో భాగిస్తే

1/13 = 0.076923076923... ఆరంకెలు తిరుగుతాయి. 1/101 = 0.00990099... నాలుగు తిరుగుతాయి. తిరిగే అంకెల సంఖ్య పైన చెప్పుకున్న 'చుట్టే'. భాగహారంలో ప్రతి అడుగులో శేషాన్ని 10తో గుణిస్తాం కదా. శేషం మళ్లీ 1 దగ్గరికి వచ్చినప్పుడు అంకెలు తిరగబడతాయి.

మన సంఖ్యకు చుట్టు కావాలంటే ఐదు ప్రధాన కారణాంకాల చుట్లు తెలియాలి, తర్వాత వాటి క.సా.గు తీయాలి. 13కు 6. 101కి 4. 9901కి 12 అని ఇంతకుముందే తేలింది. 1/23ను భాగించి చూడండి, 22 అంకెలు తిరుగుతాయి. మిగిలింది 1699. 1/1699ను వందల అంకెల దాకా భాగించడం నరకం. దానికి వేరే దారి ఉంది.

చుట్టు 1698ని భాగించాలి. 1698 = 2 × 3 × 283. కాబట్టి 10²⁸³ శేషం ఎంతో చూద్దాం. 283 సార్లు గుణించనక్కర్లేదు, వర్గాలు చేస్తూ పోవడమే. ప్రతిసారీ 1699తో భాగించి శేషం మాత్రమే ఉంచుకోండి:

10² → 100
10⁴ → 1505
10⁸ → 258
10¹⁶ → 303
10³² → 63
10⁶⁴ → 571
10¹²⁸ → 1532
10²⁵⁶ → 705

283 = 256 + 16 + 8 + 2 + 1. కాబట్టి 705, 303, 258, 100, 10లను వరుసగా గుణించాలి. 705 × 303 శేషం 1240. దాన్ని 258తో గుణిస్తే శేషం 508. నల్లగొండ పిన్ కోడ్ మొదటి మూడంకెలు మధ్యలో వచ్చి నిలబడ్డాయి! తర్వాత 100తో గుణిస్తే 1529, 10తో గుణిస్తే 1698. 1698 అంటే −1. దాన్ని వర్గం చేస్తే 1. కాబట్టి చుట్టు 566ను భాగిస్తుంది, 283ను భాగించదు. మిగిలిన అవకాశాలు 2, 566. 10² శేషం 100, 1 కాదు. కాబట్టి చుట్టు 566.

6, 22, 4, 566, 12ల క.సా.గు = 4 × 3 × 11 × 283 = 37,356. 1ని 508001508001తో భాగిస్తే దశాంశ బిందువు తర్వాత 37,356 అంకెలు వచ్చి, అవే మళ్లీ మొదలవుతాయి. పేజీకి రెండు వేల అంకెలు రాసుకుంటే పందొమ్మిది పేజీలు. రాయకుండానే తెలిసింది.

ఎనిమిదో అడుగు: పక్కన పెట్టి పోల్చడం

ఒక సంఖ్య గుణం ఇంకో సంఖ్య పక్కన పెడితేనే బాగా తెలుస్తుంది. వనపర్తి పిన్ కోడ్ 509103. అంకెల మొత్తం 18 కాబట్టి 9 భాగిస్తుంది. 103 − 509 = −406, అది 7 గుణిజం. 509103 = 3 × 3 × 7 × 8081, చివరిది ప్రధాన సంఖ్య. ఇక్కడ 3 రెండుసార్లు వచ్చింది. కారణాంకాలు లెక్కించేటప్పుడు 3కు మూడు దారులు: తీసుకోకపోవడం, ఒకటి తీసుకోవడం, రెండు తీసుకోవడం. అంటే ఘాతానికి 1 కలపాలి. 3 × 2 × 2 = 12. దాన్ని రెండుసార్లు రాస్తే 101, 9901 చేరి 48. నల్లగొండ సంఖ్యకు 32, వనపర్తి సంఖ్యకు 48, రెండింట్లోనూ ఐదు వేర్వేరు ప్రధాన కారణాంకాలే.

ఇంతకంటే పూర్తిగా వేరే జాతి సంఖ్య చూడాలంటే నాగార్జునసాగర్ దగ్గరికి వెళ్లండి. పూర్తి నీటిమట్టం 590 అడుగుల దగ్గర ఇప్పుడు 312 టీఎంసీలని లెక్క చెప్తారు. ఒక టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు. కాబట్టి 312000000000, ఇదీ పన్నెండు అంకెలే. దీన్ని విప్పడానికి నిమిషం చాలు. 312 = 2³ × 3 × 13, వెనక ఉన్న తొమ్మిది సున్నాలు 2⁹ × 5⁹.

312000000000 = 2¹² × 3 × 5⁹ × 13

కారణాంకాలు 13 × 2 × 10 × 2 = 520. తనను వదిలేసి మిగతావన్నీ కూడితే 80,786 కోట్ల 31 లక్షల 66 వేల 576, సంఖ్య 31,200 కోట్లే. రెండున్నర రెట్లు దాటింది. ఇట్లాంటివాటిని సమృద్ధ సంఖ్యలంటారు. సాగర్ సంఖ్యకు ఈ పేరు భలే కుదిరింది. అదే పన్నెండు అంకెలు, ఒకదానికి 32 కారణాంకాలు, ఇంకోదానికి 520.

ఈ రెండింటి గ.సా.భా ఎంత? సాగర్ సంఖ్యలో 2, 3, 5, 13 తప్ప ఏమీ లేవు. నల్లగొండ సంఖ్యను వాటిలో 13 ఒక్కటే భాగిస్తుంది. కాబట్టి గ.సా.భా 13. ఇంకో లెక్క కూడా చేయించాను. కట్టినప్పుడు సాగర్ సామర్థ్యం 408 టీఎంసీలు, పూడిక చేరి 312కు దిగింది. 408 = 2³ × 3 × 17. 312తో పోలిస్తే 13 ఉన్నచోట 17 ఉంది, అంతే తేడా. రెండింటి గ.సా.భా 24 టీఎంసీలు. పదిహేడు వంతుల చెరువు పదమూడు వంతులైందని పిల్లలకు అప్పుడు అర్థమైంది. పూడిక గురించి నేను ఎంత చెప్పినా అంత బాగా అర్థమయ్యేది కాదు.

ఆకారం దొరకకపోతే

అన్ని సంఖ్యలూ ఇంత దయగా ఉండవు. పునరావృతం లేదు, చివర సున్నాలు లేవు, ఘనాల సూత్రం పట్టదు, వెయ్యి లోపు ప్రధాన సంఖ్య ఏదీ భాగించదు. అప్పుడు ముందు అది ప్రధాన సంఖ్యో కాదో తేల్చుకోండి, కారణాంకాల సంగతి తర్వాత. ఏడో అడుగులో చేసిన వర్గాల నిచ్చెనే ఇక్కడా పనిముట్టు. 2ను (సంఖ్య − 1) ఘాతానికి పెంచి శేషం చూడండి. 1 రాకపోతే బేసి సంఖ్య ఏదైనా కచ్చితంగా ప్రధాన సంఖ్య కాదు. 1 వస్తే ప్రధాన సంఖ్య కావచ్చు, అంతవరకే. 561 = 3 × 11 × 17, అయినా ఈ పరీక్షలో 1 ఇస్తుంది. ఎప్పుడూ తప్పకుండా, వేగంగా తేల్చే పద్ధతి 2002లో వచ్చింది. కనిపెట్టినవాళ్లు ఐఐటీ కాన్పూర్‌కు చెందిన మణీంద్ర అగ్రవాల్, నీరజ్ కయాల్, నితిన్ సక్సేనా.

కారణాంకాలు తీయడం మాత్రం ఇంకా కష్టంగానే ఉంది. 250 అంకెల ఒక సంఖ్యను, ఆర్‌ఎస్‌ఏ-250 అనేదాన్ని, 2020లో ఎన్నో కంప్యూటర్లను కలిపి విడగొట్టారు. పన్నెండు అంకెలకైతే పైథాన్‌లో సింపై లైబ్రరీ రెప్పపాటులో చెప్తుంది. వాడుకోండి, తప్పులేదు. కానీ చేత్తో చేశాక సరిచూసుకోవడానికి వాడండి. మొదటే వాడితే 1699 దగ్గర 508 ఎదురొచ్చే సంతోషం ఉండదు.

పాలమూరు వాళ్లకు పని

మహబూబ్‌నగర్ పిన్ కోడ్ 509001. దాన్ని రెండుసార్లు రాస్తే 509001509001. 101, 9901 చేతిలో ఉన్నాయి. అంకెల మొత్తం చూసి 3 తీసేయండి, 169667 మిగులుతుంది. 1 − 509 = −508 అని 1001 పరీక్ష మొదలుపెట్టండి. 169667 వర్గమూలం 411 దాటి 412 లోపు, కాబట్టి 409 దాకా వెళ్లాల్సి రావచ్చు. అక్కడి దాకా 80 ప్రధాన సంఖ్యలున్నాయి. ఒక ఆదివారం మధ్యాహ్నం చాలు. ప్రతి శేషాన్నీ పక్కన రాసుకోండి, ఎక్కడైనా తప్పు దొర్లితే మొత్తం మళ్లీ చేయకుండా ఆ ఒక్క గీతే దిద్దుకోవచ్చు.